రెండు ఫ్రిజ్‌ల కారు

మా బావకి భయమంటే ఏమిటో తెలియదని వీధిలో అందరూ అంటారు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పన్నెండో అంతస్తులో తలుపు తీసి, ఆ చీకటి గోతిలోకి సగం ఒంగి, నోట్లో టార్చిలైటు కరిచిపట్టుకుని, గ్రీజు పట్టిన ఉక్కు తాడుని చేత్తో తడిమి చూసే మనిషి. అందరూ ఆయన్ని లిఫ్టాయన అంటారు. అలాంటి మనిషి మా అక్కకి ఒక వస్తువు ధర చెప్పాల్సి వస్తే మాత్రం నీళ్ళు నములుతాడు. చెప్పులు కొన్నా, గొడుగు కొన్నా కొట్లో ఇచ్చే ధర వేరు, ఇంట్లో చెప్పే ధర వేరు. పోనీ మా అక్క గయ్యాళా అంటే అదీ కాదు. ధర వినగానే "అంతా?" అంటుంది. అంతే. ఆ ఒక్క ముక్క వినాల్సి వస్తుందని పెళ్ళయిన నాటి నుంచి అబద్ధాలాడుతూనే ఉన్నాడు. ఆ ఇంటి బావమరిదిని కాబట్టి ఈ మాట నేను అనొచ్చు.

ఒకసారి పాత హోటలొకటి మూసేస్తుంటే, దాని లిఫ్టు విప్పడానికి వెళ్ళాడు. వెనకవైపు, వంటగది గోడ పక్కన, చిరిగిన టార్పాలిన్ కింద ఒక కారు కనపడింది. బావ పుట్టకముందు తయారైన కారు. ముందు పళ్ళేలంత దీపాలు రెండు, మలుపు తిరిగేటప్పుడు పక్కనుంచి చిన్న చెయ్యిలా పైకి లేచే సిగ్నలు. దాన్ని చూశాక బావకి ఆ రోజు లిఫ్టు మీద ధ్యాస నిలవలేదు. నాలుగో రోజుకి కారుని తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు.

"ఎంత పెట్టారు?" అని గుమ్మంలోంచి అడిగింది అక్క.

ఆ వారమే ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. నోటికి అదే తగిలింది. "ఆ ఫ్రిజ్‌కి పెట్టినంత" అన్నాడు.

నిజానికి ఆయన ఒప్పుకున్నది ఎనిమిది ఫ్రిజ్‌ల ధర. ఒకటి చేతిలో పెట్టి, తక్కినదంతా వాయిదాల మీద. ఆ వాయిదాల కోసం కొన్నేళ్ళపాటు ప్రతి ఆదివారం వేరే కంపెనీలకి చాటుగా పనిచేశాడు. ఇంట్లో మాత్రం "ఫలానా బిల్డింగులో లిఫ్టు ఇరుక్కుపోయింది, లోపల మనుషులున్నారు" అని చెప్పి, పనిముట్ల పెట్టె పట్టుకుని పొద్దున్నే బయటపడేవాడు. ఇవన్నీ నాకు చాలాకాలం తర్వాత తెలిశాయి.

కారుకి పెద్దామె అని పేరు పెట్టుకున్నాడు. "ఆవిడ పెద్దామె అయితే మరి నేను చిన్నామెనా?" అని అక్క దెప్పిపొడిచేది. దెప్పుతూనే, తను కుట్టే పరదాల గుడ్డలో మిగిలిన దానితో సీట్లకి గలీబులు కుట్టింది. అక్కది ఇంటి దగ్గరే కుట్టుపని. కాలితో తొక్కే మెషీను మీద పరదాలు, దుప్పట్లు, దిండు గలీబులు కుడుతుంది. సెలవు రోజు సాయంత్రాలు ఇద్దరూ ఊరి చివర వంతెన దాకా కారులో వెళ్ళొచ్చేవాళ్ళు. పక్కనుంచి సైకిళ్ళు దాటిపోతున్నా బావ లెక్కచేసేవాడు కాదు. ఆ ముఖంలో వెలుగు చూస్తే నాక్కూడా ముచ్చటేసేది.

చాలాకాలం ఆ కారుకి రోడ్డెక్కడానికి సరిపడే బీమా మాత్రమే ఉండేది. ఎవరినైనా గుద్దితే వాళ్ళకి డబ్బొస్తుంది, కారుకేమైనా అయితే ఏమీ రాదు. పాతకాలపు కార్లకి ప్రత్యేకంగా బీమా చేసే కంపెనీ ఒకటి ఉందని విని, బావే వాళ్ళకి ఫోన్ చేశాడు. ఆ కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది. నెమ్మదైన మనిషి, కళ్ళద్దాలు మెడలో గొలుసుకి వేలాడుతుంటాయి. షెడ్డు తాళం లాగి చూసింది, పైకప్పు చూసింది, కారుకి నాలుగు వైపులా ఫోటోలు తీసింది. తర్వాత హాల్లో కూర్చుంది.

"మామూలు కారుకైతే ఏటా కొంత తరుగు తీసి మేమే ధర కడతాం సార్. ఇలాంటి వాటికి ఆ పద్ధతి పనికిరాదు. ఏళ్ళు గడిచేకొద్దీ వీటి ధర పెరగొచ్చు కూడా. అందుకని ముందే మీరూ మేమూ ఒక ధర అనుకుని రాసుకుంటాం. రేపు ఏమైనా అయితే ఆ రాసుకున్నదే ఇస్తాం. ఎంత రాయమంటారు?"

సరిగ్గా అప్పుడే అక్క టీ పట్టుకొచ్చి, తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. బావ పని అడకత్తెరలో పోకచెక్క అయింది. నిజం చెబితే అక్కకి దొరికిపోతాడు. చెప్పకపోతే కారు అన్యాయమైపోతుంది. టీ ఊదుకుంటూ ఊదుకుంటూ, చివరికి రెండు ఫ్రిజ్‌ల ధర చెప్పాడు.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని బావ వంక చూసింది. "ఇంకోసారి ఆలోచించండి సార్. ఇలాంటి బండ్లు నేను చాలా చూశాను."

"చాలండి. ఎంతైనా పాత ఇనుమే కదా" అన్నాడు బావ.

ఆవిడ వెళ్ళాక అక్క గొంతు తగ్గించి, "కొన్నదానికి రెట్టింపు చెప్పారేంటి? కంపెనీని మోసం చేసినట్టవదూ?" అంది. నేను పక్కనే ఉన్నాను. బావ ముఖం తేలు కుట్టిన దొంగలా ఎందుకుందో నాకు అప్పుడు అంతుపట్టలేదు.

ఆ తర్వాతి వానల్లో, ఒక మధ్యాహ్నం గాలి గట్టిగా వీచింది. పక్క బిల్డింగు మీదున్న నీళ్ళ ట్యాంకు ఇనుప స్టాండుతో సహా విరిగి మా బావ షెడ్డు మీద పడింది. కప్పు కూలింది. కారు ముందు అద్దం పొడి అయింది, బానెట్టు లోపలికి కుంగిపోయింది, ఒకవైపు చక్రం మీది రేకు మడతలు పడిపోయింది. బావ ఇటుకలు ఎత్తి అవతల పడేస్తూనే ఉన్నాడు. అక్కే ఏడ్చింది.

బీమా ఆవిడ మళ్ళీ వచ్చింది. రిపేరు చేసేవాళ్ళని తీసుకొచ్చి చూపించి, లెక్క చెప్పింది. "బాగుచేయడానికే మీ ఒప్పందం ధరకి రెండున్నర రెట్లవుతుంది. అలాంటప్పుడు కంపెనీ ఆ ధర మీకిచ్చేసి కారు తీసేసుకుంటుంది. మీరే ఉంచుకుంటామంటే ఉంచుకోవచ్చు, కానీ వచ్చే డబ్బు బాగా తగ్గుతుంది. మీ ఇష్టం సార్."

ఉంచుకుంటాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. విరిగింది బాగుచేసుకోగల చేతులు ఆయనకున్నాయి. ఏళ్ళు పట్టినా చేసుకునేవాడు. కానీ అక్క ఆయన భుజం మీద చెయ్యేసి, ఎంతో దయగా, "ఫ్రిజ్ ధర పెట్టి కొన్న కారుకి అయిదు ఫ్రిజ్‌లు పోసి ఎవరైనా బాగుచేయిస్తారా? పోనివ్వండి. మళ్ళీ అంత పెట్టి ఇంకోటి కొనుక్కుందురు గాని" అంది.

అలా దయగా చెబుతుంటే కాదనడానికి బావ దగ్గర కారణం లేదు. ఉన్న ఒక్క కారణమూ బయటపెట్టలేనిది. ఇచ్చిన చోట సంతకం పెట్టాడు. మర్నాడు లారీ వచ్చి పెద్దామెని ఎక్కించుకుపోయింది.

ఆ తర్వాత బావ తిండి సగానికి పడిపోయింది. పని నుంచి ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడని అక్క నాకు ఫోన్ చేసింది. ఆయన్ని వెతుక్కుంటూ వెళ్తే, రైలు గేటు అవతల పాత ఇనుము కొట్టు కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల వాషింగ్ మెషీన్ల గుట్ట పక్కన, బీమా కంపెనీ తూకానికి అమ్మేసిన కారు. ఒక హెడ్‌లైటు అప్పటికే లేదు.

"ఎవడో దారిన పోయేవాడు అడిగినంతా ఇచ్చి దీపం పట్టుకెళ్ళాడంట. శనివారం వచ్చి మిగతావి విప్పుకుపోతానన్నాడంట" అన్నాడు బావ. నా వైపు తిరగలేదు.

నాకు ఒళ్ళు మండింది. "ఇంత ప్రాణం పెట్టుకున్నవాడివి ఆ రోజు సంతకం ఎందుకు పెట్టావు బావా?" అని నిలదీశాను. అప్పుడు, ఆ కంచె దగ్గర, హోటల్ నుంచి ఆదివారాల దాకా అంతా చెప్పుకొచ్చాడు.

"వెళ్ళి అక్కకి చెప్పు."

"ఎలా చెప్పమంటావురా? ఒక్క అబద్ధమైతే చెప్పేసేవాణ్ణే. దాన్ని కప్పిపెట్టడానికి ఎన్నాడానో నాకే గుర్తులేదు."

"శనివారం తర్వాత చెప్పి ఏం లాభం?" అన్నాను. చెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్ళాను.

అక్క మెషీను దగ్గర ఎవరివో నీలం పరదాలు కుడుతోంది. బావ గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పాల్సిందంతా నేలకి చెప్పాడు. కొన్న ధర కూడా చెప్పాడు. అక్క "అంతా?" అనలేదు. అనుంటే బాగుండేదని బావ తర్వాత నాతో అన్నాడు.

మెషీను ఆపి, "అయితే ఆ ఆదివారాలు లిఫ్టులేవీ ఇరుక్కోలేదా?" అని అడిగింది.

"లేదు."

"ఆరో అంతస్తులో ఉన్న నా స్నేహితురాలి ఇంటికి నేను మెట్లెక్కి పోతున్నాను. ఊళ్ళో లిఫ్టులన్నీ వారం వారం ఇరుక్కుంటాయి కదా అని."

నాకు నవ్వాగలేదు. అక్క నా వంక ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

"దీనికి మోటారు పెట్టించనా అని మీరు అడిగారు, గుర్తుందా?" అని మెషీను మీద చెయ్యి పెట్టింది. "నేనే వద్దన్నాను. ఆయన తన సరదాకి ఫ్రిజ్ ధర పెట్టి ఊరుకున్నాడు, నా మోకాళ్ళకి ఇంత ఖర్చెందుకు అనుకున్నాను. ఏది కొనబోయినా అదే అనుకున్నాను."

బావ మీద నాకు జాలి, కోపం రెండూ వచ్చాయి. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. అక్క దారం కత్తిరించింది, పరదా మడతపెట్టింది, బీమా కాగితాలు బీరువాలోంచి తీసుకుని చెప్పులు వేసుకుంది. "ఎక్కడుందది? పదండి."

ఇనుము కొట్టాయన తూకానికి కొని తూకానికి అమ్మే మనిషి. పాత కార్ల సంగతి ఆయనకి తెలియదు. కానీ ఒకడు అడిగినంతా ఇచ్చి దీపం పట్టుకుపోయేసరికి ఆశ పుట్టింది. మూడు ఫ్రిజ్‌ల ధర చెప్పాడు.

అక్క కాగితం ఆయన ముందు పెట్టింది. "ఇది చూడండి. అద్దాలూ దీపాలూ అన్నీ ఉన్నప్పుడు, కారు నడుస్తున్నప్పుడు, ఇంత పెద్ద కంపెనీ వచ్చి చూసి కట్టిన ధర ఇది. ఈయన సంతకం, వాళ్ళ ముద్ర. ఇప్పుడు అద్దం లేదు, దీపం లేదు. మీరు దానికి మించి అడుగుతున్నారు. ఎవరైనా వింటే నవ్విపోతారు."

ఆయన బావ వైపు చూశాడు. బావ, జీవితంలో మొదటిసారి, పనికొచ్చేలా నోరు మూసుకున్నాడు. అక్క బండి చుట్టూ తిరిగి ఒక్కో సొట్టనీ వేలితో చూపించింది. వెళ్ళిపోబోయింది, వెనక్కి పిలిపించుకుంది. చివరికి కంపెనీ ఇచ్చిన దాంట్లో కొంచెం మిగిలేలా బేరం తెగ్గొట్టింది. దీపం మాత్రం పోయినట్టే.

కారుని లారీ ఎక్కించి, మేం ముగ్గురం డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. లారీ రైలు గేటు దాటింది. అప్పుడు బావ, "రేపే మెషీనుకి మోటారు పెట్టిస్తాను" అన్నాడు.

అక్క రోడ్డు వంకే చూస్తూ అంది: "నాకు కోపం వస్తుందని దాచారు. వస్తే ఏమయ్యేది? ఒక పూట మాట్లాడేదాన్ని కాదు. సాయంత్రానికి మీరే ఏదో ఒకటి అంటే నవ్వేసేదాన్ని. ఆ ఒక్క పూట తప్పించుకోవడానికి ఇన్నేళ్ళు నన్ను మెట్లెక్కించారు."

బావ కళ్ళు తుడుచుకున్నాడు. గ్రీజు చేతులేమో, ముఖమంతా నల్లగా అయింది. "పోనీ ఇప్పుడు కోప్పడు" అన్నాడు.

"కోప్పడుతూనే ఉన్నాను" అంది అక్క. "మీరు మాట్లాడకుండా కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు.