దైవాధీనం తెచ్చిన జీలుగు కల్లు

హుకుంపేట దాటాక వచ్చే మా ఊళ్ళో దైవాధీనం అంటే చర్చి పెద్ద. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ ఇంట్లో కల్లు కుండ కనిపిస్తే మాటా పలుకూ లేకుండా పారబోస్తాడు. మా ఇంట్లోనూ పారబోశాడు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఆయన కూతురు సత్యకుమారి విశాఖలో ఈస్టు మీద పరిశోధన చేస్తోంది. కల్లును పులియబెట్టేది ఈస్టేనని ఇంట్లో చెప్పకపోవడం ఆమె తెలివి. ఈస్టు కణంలో పాడైన ప్రోటీన్లకు గుర్తువేసి, ముక్కలు చేసే చోటికి పంపే ఎంజైములుంటాయట. వాటిలో ఒకదాన్ని తీసేసి చూసింది. చెత్త పేరుకుంటుందనుకుంటే, మూసి ఉండాల్సిన జన్యువొకటి తెరుచుకుని కూర్చుంది. ఆ జన్యువును తెరిచే ప్రోటీనును కూడా ఎప్పటికప్పుడు ఏరిపారేసేది ఈ ఎంజైమేనని ఆమె వాదన. గైడు నమ్మలేదు. అదే ఈస్టుతో మళ్ళీ చేసి చూపించమన్నాడు.

ఇంతలో ల్యాబులో ఫ్రీజరు చెడిపోయింది. బతికిన కాసిని ఈస్టు గొట్టాలనూ సెలవులకి ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆదివారం ఆరాధనకు బయల్దేరుతూ మంచినీళ్ళకోసం దైవాధీనం ఫ్రిజ్ తెరిచాడు. పులిసిన వాసన! ఇంకేముంది, అన్నీ వేణ్నీళ్ళతో కడిగి బోర్లించాడు.

"నాన్నా, ఏటి సేసీసినావు!"

"కల్లు వాసనొత్తన్నాది గుంటా. ఊరందరివీ పారబోసి మనింట్లో దాసుకుంటామేటి?"

"అది నా సదువు నాన్నా. అంతా పోనాది," అంటూ సత్యకుమారి కూలబడి ఏడ్చింది. "దాన్లో ఉన్నది ఈస్టు. కల్లులో ఉంటాదే, అది."

ఆయనకి ఆ చివరి ముక్క ఒక్కటే అర్థమైంది. తెల్లచొక్కాతోనే ఊళ్ళో కల్లు గీసే సుక్రు జీలుగు చెట్టు దగ్గరికి పోయి, కల్లు కుండ భుజాన పెట్టుకుని చర్చి ముందునుంచే నడిచొచ్చాడు. వేరే దారి లేదు మరి. ఆరాధనకొచ్చిన జనమంతా గుమ్మంలోనే ఉన్నారు. నేనూ ఉన్నాను. కడుపారా నవ్వుకున్నాను.

"ఇదిగో అమ్మా, బేగి సూడు. సరిపోద్దా?"

చెట్టు కల్లులోని ఈస్టు ఆమెకి ఎందుకూ పనికిరాదు. ఎంజైము తీసేసిన ఈస్టును మొదటినుంచీ తయారు చేసుకోవలసిందే. ఆ సంగతి నాకు తర్వాత చెప్పింది. తండ్రికి మాత్రం, "సరిపోద్ది నాన్నా," అని చెప్పింది.

మరుసటి ఆదివారం సంఘం ఆయన పెద్దరికం తీసేసింది. దైవాధీనం లేచి, "నా గుంట సదువుకి పనికొచ్చినాది. నాకది సాలు," అని వెనక వరుసలోకి వచ్చి కూర్చున్నాడు. పక్కనే ఉన్న సత్యకుమారి అందరి ముందూ వలవలా ఏడ్చింది. తన పెద్దరికం పోయినందుకు ఏడుస్తోందనుకుని ఆయన ఆమె వీపు నిమిరాడు.