జ్వరమని రాసిన కాగితం

మొన్న హైదరాబాదు మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటరువాళ్లు మా పెద్దబావగారికి శాలువా కప్పి, కల్లోల ప్రాంతాల్లో పాలనను మళ్లీ ఎలా నిలబెట్టాలో గ్రూప్స్ రాసే పిల్లలకు చెప్పించారు. శ్రీనగర్ కాలనీలో వాళ్లింటి నుంచి ఆయన్ను వెంటబెట్టుకు వెళ్లినవాణ్ని గనుక ముందు వరసలోనే కూర్చోవలసి వచ్చింది. ముందుగా ప్రజల నమ్మకం గెలుచుకోవాలని ఆయన చెబుతుంటే, పిల్లలు తలలు వంచి రాసుకుంటుంటే, నాకు ఒక పాత కాగితం గుర్తొచ్చింది.

మనలో సర్కారు కొలువు చేసినవాళ్లకు ఇలాంటివి కొత్త కాదు, అయినా చెబుతాను. తుపాకుల భయంతో ఏళ్ల తరబడి మూతపడ్డ ఒక అడవి మండలంలో కార్యాలయం తిరిగి తెరిచినప్పుడు బావగారు అధికారి, నేను ఆయన కింద గుమస్తాను. గోడలకు సున్నం వేయించి, రిబ్బను కట్టి, ఫొటోలు దిగాం. పకోడీలంటే ఆయనకు ప్రాణం, ఆ అడవిలోకి కూడా శనగపిండి తెప్పించుకునేవారు. మూడోనాడు గూడెం నుంచి ఒక నడివయసు ఆవిడ నడిచి వచ్చింది. భర్త కాల్పుల్లో పోయాడు. కాల్చింది మీరంటే మీరని పోలీసులూ, అడవిలోని అన్నలూ అనుకుంటున్నారు. భూమి ఆవిడ పేరుకు మారాలంటే అతను ఎలా పోయాడో మేము విచారించి కాగితం ఇవ్వాలి.

"కాల్పులని రాస్తే, శాంతి వచ్చేసిందని నేను పైకి పంపిన నివేదిక ఏం కావాలోయ్? జ్వరమని రాసెయ్," అన్నారు బావగారు పకోడీ నములుతూ.

రాశాను, గుండ్రటి అక్షరాలతో, నా చేత్తోనే. చదువురాని ఆవిడ దాన్ని కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది.

వారం తిరక్కుండా వచ్చి ఆ కాగితం నా బల్లమీద పెట్టింది. ఎవరో చదివి చెప్పారట.

"నా పెనిమిటి జరమొచ్చి పోయిండా సారూ? గుట్ట మీదికెల్లి మోసుకొచ్చింది నేను. నాకు తెల్వదా?"

కాగితం ఉంటేనే భూమి వస్తుందమ్మా అని గొణిగాను.

"గీ అబద్ధం మీద వచ్చే భూమి నాకొద్దు," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ తరవాత ఆ గూడెం మనిషి ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు. బావగారికి ప్రశంసాపత్రం, దాని వెనకే పదోన్నతి వచ్చాయి. ఆయన నీడలో నాకూ ఒక మెట్టు దొరికింది, కాదనకుండా ఎక్కాను. ఆయన మీద పుట్టిన రోత నామీద పుట్టినదానిలో సగం కూడా ఉండదు.

ఇప్పుడు అక్కడ తారు రోడ్డు పడిందట, కార్యాలయంలో కంప్యూటర్లున్నాయట, కాగితం గంటలో చేతికొస్తుందట. సంతోషమే. కానీ అందులో రాసింది నిజమో కాదో చూసుకునే ఓపిక ఈ రోజుల్లో ఎవరికీ లేదు, పని జరిగితే చాలు. సర్కారు నిజమే రాస్తుందని నమ్మి, అడవి దాటి నడిచి వచ్చిన మనుషులుండేవారు. వాళ్ల నమ్మకం మన చేతుల్లోనే పోయింది.