మా ఇంటి శాశ్వత గర్భిణి

మట్టెవాడలో మా అత్తగారింట్లో నన్ను కొన్నేళ్లపాటు గర్భిణిలాగే చూసుకున్నారు. గర్భం మాత్రం లేదు.

నాకు పీసీఓఎస్. మాత్రలు మింగితే తప్ప నెలసరి రాదు. అది రానప్పుడల్లా మా అత్తమ్మ కళ్లు మెరిసేవి. పరీక్షలో ఏమీ లేదని తేలినా, ఆవిడ పరీక్షను నమ్మేది కాదు. నేను బకెట్ ఎత్తితే చాలు, పరుగెత్తుకొచ్చి లాక్కునేది. "జర కూసో బిడ్డా. ఏమో, నిలవడ్డదేమో!" అంటూ కుర్చీలో కూలేసి, నెయ్యి కారే లడ్డూ నోట్లో కుక్కేది.

హనుమకొండలో డాక్టరమ్మ విషయం తేటగా చెప్పింది. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా కండ దాని మాట వినడం లేదు, కండకు పని పెడితే వింటుంది. గట్టిగా నడవాలి, బరువులు ఎత్తాలి. లేకపోతే పిల్లల సంగతి దేవుడెరుగు, ముందు షుగర్ వస్తుంది. షుగర్‌తో మా అమ్మ కాలివేలు తీసేశారు. నాకు నిజంగా భయమేసింది.

ఇంట్లో చెబితే నవ్వారు. మా ఆయన పొద్దంతా చీరల దుకాణంలో గద్దె దిగని మనిషి, మెట్లెక్కితే రొప్పుతాడు. ఆయన నాకు పాఠం చెప్పాడు: "బరువులెత్తితే గర్భసంచి జారుతదట. ఫోన్ల జూసిన." ఫోన్ జరిపే వేలికి తప్ప ఆయన ఒంట్లో దేనికీ వ్యాయామం లేదు. డాక్టరమ్మ చదివిన చదువంతా ఆ వేలి ముందు దిగదుడుపే!

ఇక వీళ్లతో వాదించడం దండగనుకున్నాను. అత్తమ్మ పొద్దున గుడికి వెళ్లగానే డాబా మీద గుంజీళ్లు తీసేదాన్ని. పైగదిలోని చీరల మూటలు ఈ గోడ నుంచి ఆ గోడకు, మళ్లీ ఆ గోడ నుంచి ఈ గోడకు మోసేదాన్ని. మొదట్లో చిన్న మూటకే చేతులు వణికేవి. తర్వాత పెద్దవీ లేచాయి. లడ్డూలు కొంగులో చుట్టి కాకులకు వేశాను. అన్నం తినగానే ముంచుకొచ్చే మత్తు తగ్గింది.

ఒక పొద్దున, మాత్ర లేకుండానే, నెలసరి వచ్చింది. బాత్‌రూంలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఒళ్లు నా మాట విన్నది!

బయటికొచ్చి చెబితే అత్తమ్మ గడప మీద కూలబడింది. "ఈసారి గూడ పాయె," అని ముక్కు చీదింది. "ఫికర్ జెయ్యకే అమ్మా," అని మా ఆయన ఓదార్చాడు, నన్ను కాదు, వాళ్లమ్మను.

అప్పుడే కింద గ్యాస్ బండి వచ్చింది. అత్తమ్మ నా వంక చూడకుండానే అంది: "సిలిండర్ నువ్వే తెచ్చుకో పో. ఇగ జారేదేమున్నది?"

వెళ్లి నిండు సిలిండర్ భుజానికెత్తుకున్నాను. మెట్ల మీద నా వెనక ఖాళీ చేతులతో వస్తున్న మా ఆయన, "జర ఆగవే," అని రొప్పాడు. నేను ఆగలేదు.