గడ్డం గీస్తే గోదావరి

ముందే చెబుతున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా చెరువులో చిటికెన వేలంత రొయ్య నా మాటల్లో మోచేతి దాకా వస్తుంది. కాబట్టి సగం తీసేసి చదువుకోండి.

పోయిన వానాకాలం ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ చెంప కోసుకున్నాను. ఆవగింజంత గాటు. నెత్తురు మాత్రం ఆగలేదు. తువ్వాలు తడిసింది, బనీను తడిసింది, ఇంకాసేపుంటే ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేవారు. మా ఆవిడ కాఫీపొడి అద్దింది. నెత్తురు ఆ కాఫీ తాగి ఇంకా హుషారుగా వచ్చింది.

"యానాం సరుకు ఇలా బయటికొస్తోందా ఏంటండీ?" అంది.

నాకు లివరు జబ్బుందని ఎప్పటినుంచో తెలుసు. యానాంలో మందు చౌక కదా అని తాగి తెచ్చుకున్నదే. ఎంత ముదిరిందో మాత్రం ఎవరినీ అడగలేదు. రాజమండ్రిలో డాక్టరు గారు రక్తం తీయించి కాగితం చూపించారు.

"దీన్ని ఐఎన్ఆర్ అంటారండి. నెత్తురు గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒకటి దగ్గర్లో ఉంటుంది. మీకు ఒకటి పాయింట్ తొమ్మిది."

"అంటే అందరికంటే దాదాపు డబులన్నమాట!" అన్నాను గర్వంగా.

"అదేనండి బాధ. గడ్డకట్టించే సరుకు తయారుచేసేది లివరే. అది చేతులెత్తేసే కొద్దీ ఈ అంకె పెరుగుతుంది. ఇంకా పెరిగితే లివరు మార్పిడి గురించి మాట్లాడుకోవాలి. చుక్క ముట్టకుండా మూడు నెలలుండి రండి."

నా మొహం చూసి మా ఆవిడే సర్దింది. "రొయ్యలు కిలోకి ఎన్ని తూగాయని చూస్తాం కదండీ? ఆ లెక్క తగ్గితే రొయ్య పెద్దదన్నట్టు, మనకి లాభం. ఇదీ అంతే."

ఆ మూడు నెలలూ నన్ను చెరువుకి కాపలా కాసినట్టు కాసింది. యానాం బస్సు కనిపిస్తే నా తల రెండో వైపుకి తిప్పేసేది. నా చేత తాగించిన మజ్జిగ కాలవలో వదిలితే శివారు పొలాలన్నీ తడిసేవి.

మళ్లీ రక్తం ఇచ్చాం. ఫలితం వచ్చేదాకా నేను ల్యాబు వరండాలో కూర్చుని, సెల్లులో కామెడీ వీడియోలు చూస్తూ బిల్డింగు అదిరేలా నవ్వాను.

ఒకటి పాయింట్ నాలుగు!

"ఇంకా దిగాలండి. కానీ దారిలో పడ్డారు" అన్నారు డాక్టరు గారు.

"అయితే ఇంకొన్నాళ్లు మజ్జిగ మీదే మేపుతానండి" అంది మా ఆవిడ.

నెత్తురూ, మజ్జిగా కాస్త పెంచాను, ఒప్పుకుంటాను. పూర్తిగా కల్పించింది మాత్రం ఆ నవ్వొక్కటే. అప్పుడు సెల్లు చార్జింగు అయిపోయి ఉంది. నల్లటి తెరకేసి చూస్తూ కూర్చున్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ అది చూసింది. సెల్లు తీసి తన సంచిలో పెట్టుకుంది.