గడ్డి రంగే గొర్రె రంగు

మా ఐరిష్ టీచర్‌గారి క్లాసును చంపింది మా డిపార్ట్‌మెంట్ హెడ్. ఆరుగురి కోసం క్లాసెందుకని ఒక్క ఈమెయిల్‌తో మూసేశాడు. రెండు నెలలకు, మొన్న మంగళవారం, టీచర్‌గారు పోయారు. సంతాపం తెలుపుతూ పంపిన ఈమెయిల్‌లోనే, ఆవిడ గది శుక్రవారానికల్లా ఖాళీ కావాలని కూడా రాశాడు. సిగ్గుండాలి!

పిస్కాటవేలో ఎం.ఎస్. చదివే తెలుగువాడికి ఐరిష్ ఎందుకని మీరడగొచ్చు. మా వరంగల్ రూమ్మేట్ రోజూ అడిగేవాడు: "ఏంది భయ్, జావా ఇంటర్వ్యూ పెట్టుకొని గొర్రె రంగు నేర్చుకుంటున్నవ్? రేపు ఆఫీసుల గొర్రెలు గాస్తవా?"

చిన్న భాషలను బతికించుకోవాలని కరపత్రాల్లో చదివిన ఆవేశంతో వెళ్ళాను. మొదటిరోజే సామ్రాజ్యవాదం మీద ఉపన్యాసం దంచాను. ఆవిడ ఓపిగ్గా విని, "అయిందా బాబూ? ఇక కిటికీలోంచి ఆ గడ్డిని చూడు. ఏ రంగు?" అన్నారు.

"గ్రీన్."

"మాకు గ్లస్."

గడ్డి గ్లస్. బూడిదరంగు గొర్రె కూడా గ్లసే. వాళ్ళ పొరుగు భాష వెల్ష్‌వాళ్ళకి నీలాకాశం గ్లస్. ముందున్న నామవాచకం స్త్రీలింగమైతే ఆ మాట మొదటి అక్షరం ఐరిష్‌లో మెత్తబడుతుంది, వెల్ష్‌లో ఏకంగా జారిపోతుంది. మా పచ్చ కూడా అంతేనండీ, ఆకూ పచ్చే, పసుపూ పచ్చే అన్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచారు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా?"

ఆవిడకో పని ఉండేది. పెయింట్ షాపులో ఊరికే ఇచ్చే రంగు అట్టముక్కలు పట్టుకుని, ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవారు. "మీ అమ్మ మేపిన గొర్రె ఏ గ్లస్? వాన ముందు మీ సముద్రం ఏ గ్లస్?" వాళ్ళు ఒక ముక్క ఏరేవారు. వాళ్ళన్న మాటను, అన్నట్టే, దాని వెనక రాసేవారు. "పక్కవాళ్ళను చూసి మారని మాట చచ్చిన మాట," అనేవారు నాతో. అలా పదకొండు చెప్పుల డబ్బాలు నిండాయి. ఆ ముసలివాళ్ళలో ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు.

నన్ను కూడా అడిగారు. రెండు ముక్కలు ఏరి క్లిప్పు పెట్టి ఇచ్చాను: ఒకటి పెసర పొట్టు, ఒకటి పెసరపప్పు. రెండూ పచ్చే.

ఇక నా తప్పు. నేను మా డిపార్ట్‌మెంట్ ఆఫీసులోనే పార్ట్‌టైమ్ చేస్తాను. టీచర్‌గారి గదిలో ఉన్న ఆ డబ్బాల్లో ఏముందని బుధవారం ఈమెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూకి పరుగెడుతూ, "పెయింట్ శాంపిల్స్" అని రెండు మాటలు కొట్టి పంపాను. వాటిని చెత్త లిస్టులో చేర్చేశారు. అరుద్దామని హెడ్ గదిలోకి దూరితే, ఆయన తలెత్తకుండా, "నువ్వు రాసిందేగా?" అన్నాడు. ఆయన మీద కోపం తగ్గలేదు, కాని ఇప్పుడందులో సగం నామీదే.

రూమ్మేట్‌కి చెప్పాను. "లొల్లి చేస్తే వీసా పోతది రా," అన్నాడు. మళ్ళీ తనే, "నా కార్ డిక్కీ ఖాళీనే," అన్నాడు.

చెత్త ట్రక్ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వస్తుంది. మీరు మూడింటికే రండి, డిపార్ట్‌మెంట్ వెనక తలుపు దగ్గరికి. ఐరిష్ రాకపోయినా పరవాలేదు, చేతులుంటే చాలు. తలా ఒక డబ్బా ఎత్తుకుందాం. పైనే క్లిప్పు పెట్టిన రెండు పచ్చ ముక్కలున్న డబ్బా మాత్రం నాకు వదలండి.