ఖమర్ కూర్చిన లెక్కల పుస్తకం

దేవరకొండలో ఖిల్లాకు పోయే దారి మీద గులాం నబీ ప్రెస్సు ఉండేది. ముందు గదిలో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, వెనక గదిలో సీసపు అక్షరాల కేసులు. శుభలేఖలు, రసీదు పుస్తకాలు, విత్తనాల దుకాణాల కరపత్రాలు అన్నీ అక్కడే అచ్చయ్యేవి. నబీకి కుడిచేయి వణకడం మొదలైన ఏడాది ఆయన కూతురు ఖమర్ ఏడో తరగతి పరీక్ష రాసి ఇంటికొచ్చింది. లెక్కల్లో బడికంతా మొదటిది.

"నా చేయి నిమ్మళం అయ్యేదాక కేసు కాడ నిలబడు బేటీ. మళ్ల బడికి పోదువు గాని" అన్నాడు నబీ.

చేయి నిమ్మళం కాలేదు. అక్షరాలు తలకిందులుగా ఏరి వరస పేర్చడంలో ఖమర్ వేళ్లు తండ్రి వేళ్లను మించిపోయాయి. అట్లా ఏడేళ్లు గడిచాయి.

1987 వానాకాలంలో హైస్కూలు లెక్కల సారు బాలస్వామి ఒక కాగితాల కట్ట పట్టుకొని వచ్చాడు. చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ల నుంచి నడిచొచ్చే పదో తరగతి పిల్లల కోసం ఆయన స్వయంగా రాసిన అభ్యాసాల పుస్తకం అది. పిల్లలు కొనుక్కోగలిగేటట్టు ఉండాలంటే నలభై ఎనిమిది పేజీలు దాటకూడదన్నాడు. నబీ కట్టను చేత్తో తూచి చూశాడు.

"గిన్ని లెక్కలు నలభై ఎనిమిది పేజీలల్ల పట్టాలంటే ఎనిమిది పాయింటు అక్షరమే పెట్టాలె సార్. గంతకన్న పెద్దది పెడితే పట్టదు."

ఆయన ప్రెస్సులో ఉన్నవాటిలో అన్నిటికంటే సన్న అక్షరం అదే. సరేనని సారు వెళ్లిపోయాడు. ఖమర్ మొదటి నాలుగు పేజీలు కూర్చింది. కూర్చేటప్పుడు లెక్క కనబడదు, అక్షరమే కనబడుతుంది. ఒక్కో గడిలోంచి ఒక్కోటి ఏరుకుంటూ పోవడమే. ప్రూఫు తీసి, రాతప్రతితో పాటు సారుకు పంపింది. మసి అంటి పాడైన ప్రూఫు ఒకటి మిగిలింది. దాన్ని పారేయబోయి, ఆగి, చదవడం మొదలుపెట్టింది.

అక్కడ x ఉంది, దాని తల మీద సన్నటి అంకె ఉంది. x విలువ ఇచ్చి, మొత్తం ఎంతవుతుందో కనుక్కోమని ఉంది. ఏడో తరగతిలో కొద్దిగా తెలిసిందే. మిగిలిపోయిన శుభలేఖ వెనక లెక్క వేసింది. పది వచ్చింది. పుస్తకం చివర వేయాల్సిన జవాబుల కాగితం ఇంకా ఆమె దగ్గరే ఉంది. అందులో పద్నాలుగు అని ఉంది. మళ్లీ వేసింది, మళ్లీ పదే. తల్లి లాడ్లీ బేగం రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఖమర్ కదల్లేదు. ఏడేళ్లలో అంతా మరచిపోయానేమోనని ఇంకోసారి మొదటి నుంచి వేసింది.

సాయంత్రం సారు ప్రూఫులు తిరిగి తెచ్చినప్పుడు, తలవంచుకునే ఆ శుభలేఖను ముందుకు జరిపింది.

"సార్, గీ లెక్కకు పద్నాలుగు ఎట్లొస్తది?"

ఆయన లెక్కను కాదు, ముందు ఆమెను చూశాడు. "నువ్వు చేసినవా?" అని, తర్వాత ప్రూఫును వెలుతురుకు పట్టి కళ్లు చికిలించాడు. "x మీద ఉన్నది రెండు కాదమ్మా, మూడు. ఘనం. సిరా పూడి అంకె మూసుకపోయింది. నువ్వు రెండనుకొని చేసినవు. రెండైతే పదే వస్తది. నీ లెక్కల తప్పులేదు."

ఖమర్ ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే, ఎప్పుడూ తండ్రికి ఎదురు చెప్పని పిల్ల, గట్టిగానే అంది: "కూర్చిన నాకే కనబడ్తలేదు. ఇగ పిల్లలకు ఎట్ల కనబడ్తది? ఒత్తులు గూడ పూడిపోతున్నయ్. ఎనిమిది పాయింటు వద్దు సార్."

"పేజీలు డెబ్బై అయితయి" అన్నాడు నబీ మిషను దగ్గర నుంచి.

సారు కట్ట తీసుకొని పోయాడు. పని పోయిందనే నబీ అనుకున్నాడు. నాలుగో రోజు ఆయన మళ్లీ వచ్చాడు. కట్ట సన్నబడింది.

"మూడింట ఒక వంతు లెక్కలు కొట్టేసిన. కనబడని నూరు లెక్కలకన్న కనబడే అరవై మేలు. ఏ అక్షరం పెట్టాలో నువ్వే చెప్పు."

ఖమర్ ఒకే లెక్కను మూడు రకాలుగా కూర్చింది: పది, పన్నెండు, పద్నాలుగు పాయింట్లలో. మూడు చీటీలూ సారుకిచ్చి, చివరి బెంచీ పిల్లలతో పైకి చదివించమంది. మర్నాడు ఆయన వివరంగా చెప్పాడు. పదిలో ఘాతాంకాలు సగంమంది తప్పు చదివారట. పద్నాలుగు ఇంపుగానే ఉందిగానీ, పొడుగు సమీకరణం ఒక వరసలో పట్టక కిందికి జారితే, పిల్లలు దాన్ని ఇంకో లెక్క అనుకున్నారట. పన్నెండును అందరూ సరిగ్గా చదివారు. పన్నెండే ఖాయమైంది. ఘాతాంకాలకు మాత్రం ఎనిమిది పాయింటు అంకెలు, అవి పూడకుండా చుట్టూ కాస్త ఖాళీ. వరసకూ వరసకూ నడుమ ఒక సీసపు పట్టీ. భిన్నానికి నడుమ ఇత్తడి గీత. వర్గమూలం గుర్తుకు పైగీత సరిపోక, ఆమె రేకు కత్తిరించి అతికించింది.

పన్నెండు పాయింటులో x అక్షరాలు కొన్నే ఉన్నాయి. నాలుగు పేజీలు కూర్చి, అచ్చు తీసి, విప్పి, అక్షరాలు మళ్లీ గడుల్లో వేసుకొని తర్వాతి నాలుగు మొదలుపెట్టాలి. అట్లా చలికాలం వచ్చింది. పని అంత నిదానంగా సాగినా ఖమర్‌కు బాధనిపించలేదు. ప్రతి పేజీలోని లెక్కలూ చేసి పెట్టుకునేది. ప్రూఫుల కోసం వచ్చినప్పుడు సారు దిద్దేవాడు, తెలియనివి చెప్పేవాడు. చెప్పడం అయిపోయాక ఆమె వేరే సంగతులు అడిగేది.

"కిటికీ పక్కన ఎవరు కూసుంటరు సార్? బోర్డు ఆఖరి బెంచీకి కనబడ్తదా? మీరు లెక్క ఇచ్చినంక అందరు ఒక్కసారే రాస్తరా?"

మొదట ఆయన నవ్వుతూ చెప్పేవాడు. కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. పుస్తకం పూర్తయిన రోజు నబీ ముందు కూర్చొని, "పిల్లతోని ప్రైవేటుగ పదో తరగతి రాయించు నబీ సాబ్" అన్నాడు.

"వచ్చే ఏడు రాయిస్త సార్" అన్నాడు నబీ.

ఆ మాటలో అబద్ధం లేదు. మరుసటి ఏడు ఎన్నికల కరపత్రాలు మీద పడ్డాయి. ఆ తర్వాతి ఏడు ఆయన రెండో చేయి కూడా వణికింది. కేసు దగ్గర ఖమర్ లేకపోతే పొయ్యి వెలగదని ఇంట్లో అందరికీ తెలుసు, ఖమర్‌కు ఇంకా బాగా తెలుసు. అందుకే ఆమె అడగలేదు. పొద్దున పిల్లలు ప్రెస్సు ముందు నుంచి బడికి పోతుంటే, వాళ్లలో ఎవరి సంచిలో తన పుస్తకం ఉందోనని చూసేది. ఒకసారి ఒక పిల్ల నడుస్తూనే దాన్ని తెరిచి చదువుతూ పోయింది. ఆ పిల్ల మలుపు తిరిగేదాకా ఖమర్ అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకొని వాకిట్లోనే నిలబడిపోయింది.

1993లో బస్టాండు దగ్గర కంప్యూటర్ అచ్చు సెంటరు పెట్టారు. ఆరు నెలల్లో నబీకి పని సన్నగిల్లింది. సీసం తూకానికి అమ్మేసిన రోజు, ఖాళీ కేసుల నడుమ కూర్చొని ఆయన కూతుర్ని పిలిచాడు.

"గీ ఏడు పదో తరగతి రాయి బేటీ. ఇన్నొద్దులు నిన్ను నేనే ఆపిన."

"మీరు ఆపలేదు అబ్బా, పని ఆపింది" అంది ఖమర్. ఆమెకు అప్పటికి ఇరవై అయిదేళ్లు దాటాయి.

లెక్కల్లో తొంభై ఒకటి వచ్చాయి. ఇంగ్లీషులో తప్పింది. రెండోసారి రాసి గట్టెక్కింది. ఆ మార్కుల కాగితం తీసుకొని, తల్లిని వెంటబెట్టుకొని, రెండు బస్సులు మారి హాలియా పోయింది. బాలస్వామి సారుకు అక్కడికి బదిలీ అయ్యింది. కాలువ నీళ్లకు చుట్టూ వరి పచ్చగా నిండిన ఊరు. బడి వరండాలో సారు కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇగ ఇంటర్ చదువుతవా?"

"చదువుత సార్, ఇంటికాడ కూసోనే. కంప్యూటర్ సెంటరోళ్లు పనికి రమ్మన్నరు. అక్షరాల సైజులు తెలిసినోళ్లు కావాల్నట." ఆమె కొంగు సర్దుకుంది. "ఒక్కటే మిగిలింది సార్. తరగతిల కూసోవాలని ఉంటది. ఇప్పుడు నన్ను ఏ బెంచీ మీద కూసోబెడ్తరు?"

"ఇప్పుడే పదో తరగతికి లెక్కల పీరియడ్ ఉన్నది. రా" అన్నాడు ఆయన.

లాడ్లీ బేగం వరండాలోనే కూర్చుంది. ఖమర్ ఆఖరి బెంచీలో, కిటికీ పక్కన కూర్చుంది. సారు వర్గ సమీకరణం చెప్పాడు. ఆమెకు అంతా వచ్చినదే. అయినా పక్కపిల్ల దగ్గర ఒక కాగితం అడిగి తీసుకొని, బోర్డు మీది ప్రతి వరసా రాసుకుంది.

"అక్కా, మీరు కొత్త టీచరా?" అని పక్కపిల్ల గుసగుసగా అడిగింది.

"కాదు" అంది ఖమర్. "ఊకో, సారు చూస్తడు."

తిరుగు బస్సులో తల్లి చాలాసేపు ఆమె ముఖంలోకే చూసి అడిగింది: "ఎట్లుండె బేటీ?"

ఖమర్ కిటికీలోంచి చూస్తూ ఉంది. వరిమళ్లు అయిపోయి, దేవరకొండ వైపు మెట్టచేలు మొదలయ్యాయి.

"మంచిగుండె అమ్మీ. గంటనే జర జల్ది కొట్టిండ్రు."