పోలమ్మ పలక

దయ్యాల మాట ఎత్తితే నాకు చిర్రెత్తుకొచ్చేది. గిద్దలూరు దగ్గర పల్లెలో మిషన్ బడి పంతుల్ని నేను. చీకటికి జడిసే పిల్లల్ని చీవాట్లు పెట్టినవాణ్ణి. ఇప్పుడు నా నోటితోనే ఈ సంగతి చెప్పాల్సి వచ్చింది, ఏం చేస్తాం.

అవి మద్రాసు రాజధాని రోజులు. చర్చి ప్రహరీలోనే సమాధుల దొడ్డి. చర్చి కట్టించిన దొరల సమాధులు నీడపట్టున, పాలరాతి కింద ఉండేవి. మావాళ్లవి ఎండపట్టున ఓ చివర, ఉత్త మట్టి దిబ్బలు. ఒక్క నియమం మాత్రం అందరికీ ఒకటే. ప్రహరీ లోపల ఏ సమాధి మీదైనా బాప్తిస్మం పేరే రాయాలి.

నా భార్య పుట్టుపేరు పోలమ్మ. అది గ్రామదేవత పేరని పాదిరిదొర మార్త అని మార్చాడు. ఆ పేరుతో పిలిస్తే ఆమె ఒక్కనాడూ తిరిగి చూడలేదు. "మార్తంట మార్త! పక్కింటామెను పిల్చినట్టుంది. నేను పలకను పో!" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

మూడో కాన్పులో బిడ్డతో పాటు తనూ పోయింది. మార్కాపురం నుంచి మందపాటి పలకరాయి తెప్పించి, మేకుతో 'మార్త' అని చెక్కి, తలవైపు మూరెడు లోతున పాతాను.

మర్నాడు పొద్దున పలక బోర్లా పడి ఉంది. మేకల పని అనుకున్నాను. మళ్లీ పాతి చుట్టూ ముళ్లకంప వేశాను. కంప వేసినట్టే ఉంది, పలక పడింది. మూడోసారి మట్టి దిమ్మిస కొట్టి, ఆదివారం ఆరాధన అయ్యాక పట్టపగలు ఎదురుగా కూర్చున్నాను. గాలి లేదు. నా కళ్లముందే అది మెల్లగా ఒరిగి బోర్లా పడింది.

కాసేపటికి పలకను వెనక్కి తిప్పి 'పోలమ్మ' అని చెక్కి పాతాను. నిలబడింది. నెల రోజులు, రెండు గాలివానలు, కదల్లేదు. బడి వదలగానే పోయి, పేరు పెట్టి పిలిచి, పిల్లల ముచ్చట్లు చెప్పుకునేవాణ్ణి. ఆమె వింటున్నట్టే ఉండేది.

చర్చి ఉపదేశి కంట పడింది. "ఏంది పంతులూ ఇది? గుడి గోడ లోపల దేవత పేరా! దొరకు తెలిస్తే నీ పని పోతాది. పిల్లోళ్లకు ఏం పెడతావు? మాపటికల్లా గీకెయ్యి" అన్నాడు.

గీకేశాను. ఇంట్లో ఇద్దరు పసివాళ్లు. గరుకురాయి పెట్టి, నా చేత్తోనే, ఒక్కో అక్షరం. 'మార్త' వైపు ముందుకు తిప్పి, ఈసారి వదులు మట్టిలో ఊరికే గుచ్చాను. పడాలనే అట్లా గుచ్చాను.

పడలేదు. ఏళ్లు గడిచాయి. ఒక గాలివానకు చర్చి పెంకులు లేచిపోయాయి, దీనికి ఏమీ కాలేదు. అప్పుడెందుకు పడిందో, తర్వాత ఎందుకు పడలేదో ఈరోజుకీ నాకు అంతుపట్టదు.

ఇప్పటికీ పోయి కూర్చుంటాను. పోలమ్మా, ఒక్కసారి పడెయ్యవే అని బతిమాలుకుంటాను. పలక నిటారుగా నిలబడే ఉంటుంది.